మిల్లు పెట్టాలా, కర్ర ఆరబెట్టాలా?

ప్రశ్న: మాది ఏలూరు జిల్లా, జంగారెడ్డిగూడెం దగ్గర పల్లె. నాన్న వడ్రంగి. నేను హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు ఉద్యోగం చేసి ఇంటికి వచ్చేశాను. మా గట్ల మీద 22 ఏళ్ల టేకు చెట్లు 60 ఉన్నాయి. ఒక వ్యాపారి నిలబడి ఉన్న చెట్టుకే అడుగు 900 రూపాయల చొప్పున ఇస్తానంటున్నాడు. కోసిన టేకు టౌన్‌లో అడుగు 2,600 పలుకుతోంది. మధ్యలో ఉన్న 1,700 ఎవరికో పోయే బదులు మనమే ఒక చిన్న కోత మిల్లు పెట్టుకుంటే బాగుంటుందని నా ఆలోచన. బ్యాండ్ రంపం, ట్రాలీ, షెడ్డు అన్నీ కలిపి 12 లక్షల్లో అయిపోతాయని మెషీన్లు అమ్మేవాళ్లు చెప్పారు. మా చుట్టుపక్కల కోత కూలి దుంగ కొలత మీద అడుగుకు 70 రూపాయలు. చక్రాల మీద తిరిగే మిల్లు అయితే లైసెన్సు కూడా అక్కర్లేదని అంటున్నారు. అప్పు మాట ఎత్తగానే ఇంట్లో టెన్షన్ మొదలైంది. ఏం చెయ్యమంటారు? ఇంకో మాట, ఇంటి వెనక తాతల నాటి పనస చెట్టు మొన్నటి గాలివానకు పడిపోయింది. దాన్ని కోయించెయ్యనా?

— పేరు వద్దన్న పాఠకుడు

సమాధానం: బాబూ, ముందు ఒక్క మాట. మెషీన్‌కు అడ్వాన్సు కట్టకండి. కట్టేసి ఉంటే వెనక్కి వస్తుందేమో ఈ వారమే కనుక్కోండి. మీ ఆలోచన తప్పని కాదు. సొంత చెట్టు, వడ్రంగి నాన్నగారు, పని చేసే వయసు, ఈ మూడూ ఒకే ఇంట్లో ఉండటం అరుదు. కాకపోతే మీరు డబ్బు రంపంలో ఉందనుకుంటున్నారు. మా నాన్న నడిపిన కోత మిల్లులో 14 ఏళ్లు లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అది అక్కడ లేదు.

ముందు ఆ 1,700 సంగతి చూద్దాం. మీరు 2,600 లోంచి 900 తీసేశారు. రెండూ ‘అడుగే’ కాబట్టి లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ దుంగ అడుగు వేరు, కోసిన కర్ర అడుగు వేరు. కలప వ్యాపారంలో అడుగు అంటే ఘనపుటడుగు అని మీకు తెలుసు. దుంగను కొలిచేటప్పుడు చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని, నాలుగో వంతు చేసి, దాన్ని దానితోనే గుణించి, పొడవు అడుగులతో గుణించి, 144తో భాగిస్తారు. మీ చెట్టు 22 ఏళ్లది కాబట్టి మొదటి దుంగ నడిమి చుట్టుకొలత 32 అంగుళాలు, పొడవు 10 అడుగులు అనుకుందాం. 32లో నాలుగో వంతు 8. ఎనిమిదెనిమిదులు 64, పదితో గుణిస్తే 640, 144తో భాగిస్తే 4.44 అడుగులు. అడుగు 900 చొప్పున ఆ దుంగకు మీకు వచ్చేది దాదాపు 4,000 రూపాయలు.

నిజానికి గుండ్రటి దుంగలో ఉన్న కలప అంతకంటే ఎక్కువ, సుమారు 5.66 అడుగులు. ఈ పాత కొలత అసలు ఘనపరిమాణంలో 78 శాతం చిల్లరే చూపిస్తుంది. పక్కల చెక్క, రంపపు పొట్టు ఎలాగూ పోతాయి కదా అని ముందే తగ్గించి పెట్టిన కొలత ఇది. దీన్ని మోసం అనకండి, దేశమంతా వాడుకలో ఉన్నదే. మీరు జాగ్రత్తగా చూడాల్సింది వేరే ఉంది. బెరడు పేరుతో చుట్టుకొలతలో ఒకటి రెండు అంగుళాలు కొట్టేయడం చాలా చోట్ల మామూలు. రెండు అంగుళాలే కదా అనిపిస్తుంది. 32 కాస్తా 30 అయితే 4.44 అడుగుల దుంగ 3.9 అడుగులైపోతుంది. వందకు 12 రూపాయలు టేపు దగ్గరే పోయినట్టు. కొలిచే రోజు మీరు దగ్గరుండి, టేపు మీరే పట్టుకుని, ఒక్కో దుంగ మీద సుద్దతో అంకె వేయించండి.

ఇప్పుడు అదే దుంగను రంపం మీదకు ఎక్కిద్దాం. 32 అంగుళాల చుట్టుకొలత అంటే అడ్డంగా 10 అంగుళాలు. బెరడు పోగా తొమ్మిదిన్నర. దాంట్లో బయటి వలయం తెల్లకర్ర. గట్టు మీద నీళ్లు తాగి ఏపుగా పెరిగిన టేకుకు ఈ తెల్లకర్ర కాస్త ఎక్కువే ఉంటుంది. అసలు చేవ, అంటే లోపలి ముదురు కర్ర, మిగిలేది ఏడు, ఏడున్నర అంగుళాల మేర. ఆ గుండ్రంలోంచి నాలుగు పలకలుగా తీస్తే 5 అంగుళాలకు 5 అంగుళాల కర్ర వస్తుంది. 10 అడుగుల పొడవుకు అది 1.74 అడుగులు. నాలుగు పక్కల నుంచి అంగుళం మందం, మూడు అంగుళాల వెడల్పున నాలుగు చెక్కలు వస్తే ఇంకో 0.83. మొత్తం 2.57 అడుగులు. అందులో చేవ ఉన్న 1.74కే మీరు రాసిన 2,600 ధర పలుకుతుంది, అంటే 4,500 పైచిలుకు. తెల్లకర్ర కలిసిన పక్క చెక్కలకు అడుగు వెయ్యి వచ్చినా 830. మొత్తం 5,350. వ్యాపారి మీకిచ్చే 4,000 పోతే తేడా 1,350 రూపాయలు. ఇది దుంగ మొత్తానికి! దాన్ని దుంగ కొలత 4.44తో భాగిస్తే, అడుగుకు 1,700 అనుకున్నది 300 దగ్గర తేలింది. కొట్టుడు కూలి, ట్రాక్టరు బాడుగ, కోత, అనుమతుల ఖర్చు, కలప మీద 18 శాతం జీఎస్టీ, అప్పు తెచ్చిన డబ్బు వడ్డీ అన్నీ ఈ 300లోంచే పోవాలి. మీ వ్యాపారి మిమ్మల్ని ముంచుతున్నాడని ఇంట్లో అనుకుంటున్నట్టయితే ఆ మాట మానెయ్యండి. టేపు సరిగ్గా పట్టుకుంటే ఆయన చెప్పిన ధర అన్యాయమైనదేం కాదు.

అయితే ఈ లెక్కలోనే దారి కూడా కనిపిస్తుంది. లావు దుంగ అయితే ఏమవుతుందో చూడండి. 48 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు ఉంటే కొలత సరిగ్గా 10 ఘనపుటడుగులు. బెరడు, తెల్లకర్ర మందం రెండింటికీ దాదాపు ఒకటే కాబట్టి లావు దుంగలో చేవ వాటా బాగా పెరుగుతుంది. పైగా లావు పెరిగే కొద్దీ అడుగు ధర కూడా పెరుగుతుంది. టేకులో డబ్బు పెరిగేది ఈ రెండు వైపుల నుంచీ. ఈ సంగతి మీ 60 చెట్ల దగ్గర మళ్లీ చెబుతాను.

ఇక మిల్లు లెక్క. 12 లక్షలు 11 శాతానికి తెచ్చారనుకుందాం. నెలకు వడ్డీ 11,000. అయిదేళ్లలో తీర్చాలంటే అసలు కింద నెలకు 20,000. రంపం నడిపే మనిషికి 25,000, దుంగలు ఎక్కించి దించే ఇద్దరికి చెరి 15,000. కరెంటు 10,000. బ్లేడ్లు, సాన, గ్రీజు, బేరింగులు 8,000. మొత్తం 1,04,000. మీ జీతం ఇందులో వెయ్యలేదు, షెడ్డు స్థలం మీదే అనుకున్నాను. కోత కూలి అడుగుకు 70 కాబట్టి నెలకు 1,486 అడుగులు కోస్తేనే ఈ ఖర్చు తీరుతుంది. 25 పనిదినాలకు రోజుకు 60 అడుగులు. దుంగ పక్కన దుంగ సిద్ధంగా ఉంటే మంచి బ్యాండ్ రంపానికి 60 అడుగులు పెద్ద పనేమీ కాదు. మధ్యాహ్నం భోజనాల వేళకు అయిపోతుంది. మరి రోజూ 60 అడుగుల దుంగ ఎక్కణ్ణుంచి వస్తుంది?

మీ 60 చెట్లనే చూడండి. ఒక్కో చెట్టుకు మొదటి దుంగ 4.44 అడుగులు, పైన 24 అంగుళాల చుట్టుకొలతతో ఇంకో దుంగ రెండున్నర అడుగులు. కలిపి చెట్టుకు ఏడు అడుగులు, 60 చెట్లకు 420. రోజుకు 60 చొప్పున కోస్తే ఏడు రోజులు. మీ 22 ఏళ్ల టేకు మీ మిల్లుకు ఏడు రోజుల పని బాబూ! ఎనిమిదో రోజు ఉదయం రంపం మనిషి వచ్చి నిలబడతాడు. వాడికి ఆ రోజు కూలీ ఇవ్వాల్సిందే.

మా మిల్లులో నేను చూసినది ఇదే. సంక్రాంతి నుంచి మే నెల దాకా ఇళ్ల పనులు జోరుగా సాగుతాయి కాబట్టి గేటు బయట ట్రాక్టర్లు వరస కట్టేవి. నాట్లు మొదలయ్యాక, ఆషాఢంలో, రంపం చప్పుడు లేకుండా వారాలు గడిచేవి. ఆ వారాల్లో మా నాన్న చక్రాలకు నూనె పెడుతూ, బ్లేడుకు పళ్లు తీర్చుకుంటూ కూర్చునేవారు. చేతిలో పని లేని మిల్లు యజమాని ఏదో ఒక దుంగ కొనేస్తాడు, మిల్లు ఆడించడం కోసం. వంకర దుంగా, డొల్ల దుంగా, ఎక్కువ ధర దుంగా. మాకు నష్టం వచ్చిన సంవత్సరాలన్నీ అలా కొన్న దుంగల వల్లే. రంపం వల్ల ఒక్కసారి కూడా రాలేదు.

చక్రాల మిల్లుకు లైసెన్సు అక్కర్లేదన్న మాట పూర్తిగా మర్చిపోండి. కరెంటుతో గానీ ఇంజనుతో గానీ దుంగ కోసేది ఏదైనా చట్టం దృష్టిలో కోత మిల్లే. దానికి చక్రాలున్నాయా, సిమెంటు దిమ్మ ఉందా అన్నది లెక్కలోకి రాదు. దీని వెనక పెద్ద కథే ఉంది. నీలగిరి జిల్లా గూడలూరు ప్రాంతంలో అడవి నరికేస్తున్నారని టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ 1995లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996 డిసెంబరు 12న ఆ కేసులో వచ్చిన ఉత్తర్వు, కేంద్రం అనుమతి లేకుండా అడవుల్లో నడిచే కోత మిల్లులను దేశమంతా ఆపేయమంది. 2002లో కొత్త మిల్లులకు కోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ అనుమతి తప్పనిసరి అయింది. 2015 తర్వాత ఆ నిర్ణయం రాష్ట్రస్థాయి కమిటీల చేతికి వచ్చింది. 2016 నవంబరులో కేంద్రం కలప పరిశ్రమలకు మార్గదర్శకాలు ఇచ్చింది. రాష్ట్రంలో కలప ఎంత దొరుకుతుంది, ఉన్న మిల్లులకే అది చాలుతుందా అని చూసి లైసెన్సు ఇవ్వాలన్నది వాటి సారాంశం. నోటిఫై అయిన అడవి హద్దు నుంచి గీత గీసినట్టు 10 కిలోమీటర్ల లోపు కొత్త మిల్లు పెట్టకూడదన్న నిబంధన కూడా అందులో ఉంది. పట్టణ పరిధికి, పారిశ్రామిక వాడలకు మినహాయింపులున్నాయి. మీ ఊరు జంగారెడ్డిగూడెం దగ్గరన్నారు. అటు బుట్టాయగూడెం, పోలవరం వైపు అడవి ఎంత దూరంలో ఉందో మీకు నాకంటే బాగా తెలుసు. రోడ్డు మీద 15 కిలోమీటర్లున్నా గాలి దారిన తొమ్మిది రావచ్చు. సర్వే నంబరు పట్టుకుని ముందు డివిజనల్ ఫారెస్టు ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితం చేతికి రాకముందు మెషీన్ దిగితే, అది షెడ్డులో తుప్పు పడుతున్నా బ్యాంకు వాయిదా ఆగదు.

అలాగే టేకు మీ పట్టా భూమిలోదే అయినా కొట్టడానికి అనుమతి, తరలించడానికి ట్రాన్సిట్ పర్మిట్ కావాలి. జామాయిల్, సుబాబుల్, సరుగుడు అంత తేలిక కాదు టేకు. 2025 జూన్‌లో కేంద్రం పొలాల్లోని చెట్ల నరికివేతకు నమూనా నిబంధనలు పంపింది, పొలాన్నీ చెట్లనూ పోర్టల్‌లో నమోదు చేయించే పద్ధతితో. అవి మీ దగ్గర ఎంతవరకు అమల్లోకి వచ్చాయో రేంజ్ ఆఫీసులో చెబుతారు. మీ అడంగల్‌లో ఆ 60 చెట్లూ ఎక్కి ఉన్నాయా? లేకపోతే ముందు ఆ పని చేయించండి. చెట్టు మాది అని రుజువు చేసే కాగితం లేక లారీ చెక్‌పోస్టు దగ్గర నాలుగు రోజులు నిలబడిపోవడం నేను చూశాను.

ఇంత చెప్పి మరి ఏం చెయ్యాలో చెప్పకపోతే నేను మీకు సమాధానం ఇచ్చినట్టు కాదు. వినండి.

పచ్చి కర్రకూ ఆరిన కర్రకూ మధ్య ఉన్న తేడాలో డబ్బుంది. ఆ తేడాకు లైసెన్సు అక్కర్లేదు, 12 లక్షలు అక్కర్లేదు. కావాల్సింది గాలి ఆడే షెడ్డు, ఓపిక, మీ నాన్నగారి చెయ్యి. చిన్న టౌన్లలో ఇల్లు కట్టుకునేవాళ్లకు దొరికేది ఎక్కువగా పచ్చి కర్రే. కోసిన నెలలోనే గుమ్మం నిలబెడతారు. మొదటి ఎండాకాలానికి జాయింట్లు విడిపోతాయి, తలుపు వంగుతుంది, వర్షాకాలం రాగానే బిగుసుకుపోతుంది. ఈ బాధ పడని ఇల్లు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయి చెప్పండి!

మేమూ ఈ తప్పు చేశాం. ఒక టీచరమ్మగారింటికి వేప గుమ్మాలు ఆరు ఇచ్చాం. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని పచ్చివే ఇచ్చేశాం. ఏప్రిల్‌లో ఆవిడ ఫోన్ చేస్తే వెళ్లాను. వంటింటి గుమ్మం నిలువు కర్ర విల్లులా బయటికి వంగి, గోడకూ కర్రకూ మధ్య నా చిటికెన వేలు దూరేంత సందు ఉంది. ఆ సందులో ఆవిడ పాత గుడ్డ కుక్కి, పైన క్యాలెండర్ తగిలించారు, వచ్చిన చుట్టాలకు కనబడకుండా. నన్ను ఒక్క మాట అనలేదు, కాఫీ ఇచ్చారు. ఆ గుమ్మం మార్చి ఇచ్చాం గానీ, కట్టిన గోడలోంచి గుమ్మం పీకితే అయ్యే ఖర్చు ఆ ఆరింటి మీద వచ్చిన లాభాన్ని మింగేసింది. ఆ తర్వాత మా మిల్లు నుంచి పచ్చి గుమ్మం బయటికి వెళ్లలేదు.

ఆరబెట్టడం కష్టమైన విద్య కాదు, కానీ చాలామంది చెయ్యరు. నేల నుంచి అడుగున్నర ఎత్తున దిమ్మలు కట్టండి. కోసిన కర్రను వరసగా పేర్చి, రెండేసి అడుగులకు ఒకటి చొప్పున అంగుళం మందపు రీపు ముక్కలు పెట్టి, దానిపైన మళ్లీ వరస పేర్చండి. రీపు ముక్కలు కిందనుంచి పైదాకా ఒకే నిలువు గీతలో ఉండాలి. అలా లేకపోతే పై బరువుకు కింది చెక్క వంగి అలాగే ఆరిపోతుంది. కర్రల చివర్లకు పాత పెయింటు గానీ కరిగించిన మైనం గానీ పుయ్యండి. నీరు చివరల నుంచి తొందరగా పోతుంది, పగుళ్లు మొదలయ్యేది అక్కడే. పైన కప్పు, పక్కల నుంచి గాలి, ఎండ మాత్రం తగలకూడదు. మే నెల వడగాలికి పచ్చి కర్రను వదిలితే రెండు రోజుల్లో నెర్రెలు విచ్చుతుంది. అందుకే కోత అక్టోబరు తర్వాత పెట్టుకుంటే మంచిది. చలికాలం నెమ్మదిగా ఆరి, ఎండలు ముదిరేసరికి కర్ర తట్టుకునే స్థితికి వస్తుంది. అంగుళం చెక్క మూడు నాలుగు నెలల్లో దారికొస్తుంది. మూడు అంగుళాల గుమ్మపు కర్రకు ఏడాది పెట్టుకోండి. ఆరిందో లేదో చెప్పే తేమ మీటరు ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొన్ని వేలకే దొరుకుతుంది. 12 శాతం దగ్గరకు వస్తే ఇంటి లోపలి పనికి సరిపోతుంది. మీటరు కొనేలోపు ఒక ముక్కను పక్కన పెట్టి వారం వారం కాటా వెయ్యండి. బరువు తగ్గడం ఆగితే గాలికి ఆరాల్సినంత ఆరిందని అర్థం. ఆరితే కర్ర కుదించుకుపోతుంది, చిత్రిక పట్టినప్పుడు ఇంకొంచెం పోతుంది. కాబట్టి అయిదు అంగుళాలు కావాలంటే అయిదుంపావుకు కోయించండి.

ఇప్పుడు మీ 60 చెట్లు. అన్నీ ఒకేసారి కొట్టకండి. వంకరవి, పక్క చెట్టు నీడలో ఎదగనివి, మోడు బారినవి ఒక 20 ఎంచి అవి మాత్రం తీయించండి. మిగిలిన 40కి ఎండా, నీరూ ఎక్కువ దక్కుతాయి. 32 అంగుళాల చెట్టు 36కు వస్తే కొలత 4.44 నుంచి 5.63కు పెరుగుతుంది. నాలుగు అంగుళాల లావుకు కలప 27 శాతం ఎక్కువ, చేవ వాటా అంతకన్నా ఎక్కువ. కొట్టిన ఇరవైని దగ్గరలోని లైసెన్సున్న మిల్లులో కూలికి కోయించండి. 140 అడుగులకు 70 చొప్పున మీకయ్యే కోత ఖర్చు 9,800 రూపాయలు. 12 లక్షలు ఎక్కడ, తొమ్మిది వేల ఎనిమిది వందలు ఎక్కడ?

దుంగను ఎక్కడ తెగ్గొట్టాలో నాన్నగారిని అడగండి. వ్యాపారులు లారీ పట్టే పొడవు చూసి కోస్తారు. నాన్నగారు గుమ్మం చూసి కోస్తారు. ఏడడుగుల గుమ్మానికి ఏడున్నర అడుగుల దుంగ చాలు. పొడవు తగ్గితే మొదలుకూ చివరకూ లావులో తేడా తగ్గి, పక్కల చెక్క తక్కువ పోతుంది. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు గుమ్మానికి గడపతో కలిపి 21 అడుగుల పొడవు కర్ర పడుతుంది. 5 అంగుళాలకు 3 సైజులో అయితే సుమారు 2.2 అడుగుల కలప. కర్రగా అమ్మితే మీరు రాసిన ధరకు 5,700. ఆరిన కర్రతో, నాన్నగారి చేతి జాయింట్లతో, విడిపోతే మార్చి ఇస్తామన్న మాటతో గుమ్మంగా అమ్మితే కర్ర ధర మీద చేతి పని విలువ, ఆ మాట విలువ కూడా మీకే వస్తాయి. రంపం పెట్టుకుంటే వచ్చేది అడుగుకు 70. మార్చి ఇస్తామన్న ఆ మాటకు ఎంత ఇవ్వచ్చో ఒకసారి గుమ్మం పీకించిన ఇంటివాళ్లను అడగండి, వాళ్లు చెబుతారు. లైసెన్సున్న మిల్లులో కోసిన కర్రను కొని తలుపులు, కిటికీలు చేసే పనికి దుంగ కోసే మిల్లుకున్నంత నిబంధనల బిగువు లేదు. అయినా మీరు పెట్టే మెషీన్ల పట్టీ రేంజ్ ఆఫీసులో చూపించి, బిల్లులన్నీ దాచుకోండి.

టేకు ఒక్కదాని మీదే ఉండకండి. మీ మెట్టలో వేప, తుమ్మ, నిద్రగన్నేరు, దిరిసెన, మామిడి పొలాల గట్ల మీద బోలెడు ఉన్నాయి. చాలావరకు వంటచెరకు ధరకే పోతున్నాయి. నా దృష్టిలో మన జిల్లాల్లో అన్యాయంగా వృథా అవుతున్నవి ఇవే. వీటిలో తెల్లకర్రకు పురుగు పట్టే గుణం ఉంది కాబట్టి మామిడి లాంటివి కోసిన వెంటనే బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టాలి. అలా చేసిన నిద్రగన్నేరు పలకలు బల్లలకు ఎంత అందంగా ఉంటాయో ఒకసారి కోయించి చూడండి. పక్కల చెక్క కూడా పారెయ్యకండి. మీ చుట్టూ పొగాకు బ్యారన్లున్నాయి, ఆకు కాల్చే సీజన్‌లో ఎండిన పక్క చెక్కలకు అక్కడే గిరాకీ.

ఒక జాగ్రత్త. రోడ్డు పక్క వేప, ఇంటి ముందు చింత కొనేటప్పుడు దుంగ చివర ఎప్పుడూ చూడండి. లోపల మేకు దిగి ఉంటే దాని చుట్టూ కర్ర నల్లగా, నీలంగా మరక పడుతుంది, సిరా ఒలికినట్టు. తీగ కంచె, బట్టలు ఆరేసే కొక్కెం, ఎన్నికల బోర్డు మేకు, ఏదైనా కావచ్చు, చెట్టు దాన్ని తనలో కలిపేసుకుంటుంది. నడుస్తున్న బ్లేడు దానికి తగిలితే పళ్లు ఊడి, బ్లేడు తెగి విసురుగా బయటికి వస్తుంది. మా దగ్గర ఒకసారి తెగిన బ్లేడు రేకుల గోడను చీల్చింది. ఆ క్షణంలో అక్కడ మనిషి లేకపోవడం మా అదృష్టం. కూలికి కోయించినా సరే, ఇనుము ఉన్న దుంగ అని తెలిస్తే ముందే చెప్పండి. రంపం దగ్గరకు వెళ్లేటప్పుడు నాన్నగారిని భుజం మీద కండువా తీసెయ్యమనండి.

రెండేళ్లు ఇలా నడిచాక, ఆరిన కర్రకు మీ దగ్గర వరసగా ఆర్డర్లుంటే, అప్పుడు మిల్లు గురించి ఆలోచించండి. అప్పుడు కూడా కొత్తది కాదు. రోజులో సగం ఖాళీగా ఉండే లైసెన్సున్న మిల్లులు మీ చుట్టూ ఉంటాయి. వారానికి రెండు రోజులు లీజుకు అడగండి, లేదా వాటాకు మాట్లాడండి. ఎవరైనా మిల్లు అమ్ముతామంటే ఆయన నోటి లెక్క వినకండి. 12 నెలల కరెంటు బిల్లులు, దుంగల రాకపోకల రిజిస్టరు చూపించమనండి. రంపం ఎన్ని గంటలు తిరిగిందో కరెంటు బిల్లు దాచలేదు. జూలై, ఆగస్టు నెలల బిల్లులు ప్రత్యేకంగా చూడండి. రంపం మందం కూడా కొలవండి. అడుగు వెడల్పు దిమ్మను అంగుళం చెక్కలుగా కోస్తే, మూడు మిల్లీమీటర్ల బ్యాండ్ రంపానికి పది చెక్కలొస్తాయి. ఆరు మిల్లీమీటర్లు తినే గుండ్రటి రంపానికి తొమ్మిదే వస్తాయి. పదో చెక్క పొట్టులో కలిసిపోతుంది.

ఇక మీ పనస. దాన్ని కోయించకండి, ఇప్పుడే కాదు. వీణ చేసేది పనస కర్రతోనే. కుండ, దండి అన్నీ ఒకే మానులోంచి తొలిచే ఏకాండి వీణకు లావుగా, తిన్నగా, నెర్రె లేని పాత మాను కావాలి. బొబ్బిలి దాకా వెళ్లక్కర్లేదు, మీ జిల్లాలోనే నూజివీడులో వీణలు చేసేవాళ్లున్నారు. మాను పొడవు, మొదలు చుట్టుకొలత, చివర చుట్టుకొలత రాసుకుని, ఫోటోలు తీసి వాళ్లకు చూపించండి. వాళ్లు వద్దంటే అప్పుడు తలుపు చెక్కలకు కోయించుకుందురు గాని. పడి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు. ఈ ఉత్తరం చదవగానే చేయాల్సిన పని ఒకటే. రెండు చివర్లకూ మందంగా మైనం గానీ పాత పెయింటు గానీ పూసి, కింద రెండు దిమ్మలు పెట్టి నేల నుంచి లేపి, పైన తాటాకులు కప్పించండి. చివర ఒక్క నెర్రె విచ్చినా వీణకు పనికిరాదు.